భామాకలాపం కట్టిన యోగి, దాన్ని మోసిన ఊరు

ఇద్దరు మనుషులు తెరకు చెరో కొస పట్టుకుని నిలబడతారు. వెనక గజ్జెల చప్పుడు, ముందు సూత్రధారుడి చేతిలో తాళాల మోత. కాసేపటికి తెర మీదుగా పొడుగాటి జడ ఒకటి ఇవతలికి వచ్చి పడుతుంది. దాని నిండా నగలు: సూర్యుడు, చంద్రవంక, పాము పడగ. ఆటలో గానీ పాటలో గానీ శాస్త్రంలో గానీ తనను ఓడించగలవాళ్లెవరైనా సభలో ఉంటే వచ్చి ఆ జడ కోసుకుపోవచ్చని పూర్వం అది పందెం. కోయడానికి లేచేవాడు ముందు పాత్రధారితో వాదించి నెగ్గాలి. అవతల జడ వేసిన సత్యభామ మగవాడు. భరతశాస్త్రం, అలంకారశాస్త్రం, సంస్కృతం ఇంట్లోనే నేర్చుకున్న కూచిపూడి భాగవతుడు. ఆ పందేనికి దిగడానికి సభలో పండితులు కూడా వెనకాడేవారు.

భామాకలాపం మొదలయ్యే తీరు ఇది. ఇందులో మాట ఉంది, పాట ఉంది, ఆట ఉంది. మాటల్ని రాసిన చెయ్యే పాటకు వరస కట్టింది, ఆటకు అడుగు వేసింది. ఆ చెయ్యి సిద్ధేంద్ర యోగిదని కూచిపూడి ఊరంతా చెబుతుంది.

ఐరోపా సంగీత నాటకాల్లో ఈ పనులు మామూలుగా ఇద్దరివి. మాటలు రాసేవాడు ఒకడు, సంగీతం కూర్చేవాడు మరొకడు. మొజార్టుకు ద పోంతే రాసిపెట్టాడు. 1813లో లైప్‌జిగ్‌లో పుట్టిన రిచర్డ్ వాగ్నర్ మాత్రం తన ఒపెరాలకు మాటలు తానే రాసుకున్నాడు, స్వరం తానే కట్టాడు. ఆఖరుకు వాటిని ఆడడానికి బైరాయిట్ అనే చిన్న ఊళ్లో తన లెక్క ప్రకారం నాటకశాల కూడా కట్టించాడు. 1876లో అక్కడ నాలుగు రాత్రులపాటు సాగే నాటకాల వరసను ఆడించాడు. అక్కడ దాన్ని అపూర్వమని చెప్పుకున్నారు. రాసినవాడే పాడడం తెలుగువాళ్లకు వింతేమీ కాదు. అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య అందరూ అలా చేసినవాళ్లే. అయితే విడివిడి పాటలు కట్టడం వేరు, రాత్రుల తరబడి నడిచే నాటకాన్ని మొదటి అడుగు నుంచి మంగళం దాకా కట్టడం వేరు. ఆ రెండో పని చేసినవాళ్లు మన దగ్గర కూడా తక్కువ. సిద్ధేంద్రుడు నాటకశాల కట్టలేదు. ఆ పనికి ఒక ఊరినే కట్టుబడేలా చేశాడు.

విజయవాడ నుంచి బందరు రోడ్డు పట్టుకుని కంకిపాడు, ఉయ్యూరు దాటి పామర్రులో దక్షిణానికి తిరిగితే కొద్దిసేపట్లో కూచిపూడి వస్తుంది. ఇంకాస్త ముందుకు పోతే మొవ్వ. క్షేత్రయ్య పదాలన్నిటికీ ముద్రగా నిలిచిన మువ్వగోపాలుడి గుడి అక్కడే ఉంది. పడమరగా కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం. ఆముక్తమాల్యద రాయమని ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి శ్రీకృష్ణదేవరాయలకు చెప్పింది ఆ గుడిలోనే. కాసుల పురుషోత్తమకవి ఆ దేవుణ్ణే ఆంధ్రనాయకుడని పిలిచి శతకం చెప్పాడు. కృష్ణ సముద్రంలో కలవబోయే ముందు ఈ కాస్త నేలలో ఇంత పాట, ఇంత పద్యం పండాయి. కూచిపూడిలో బాలాత్రిపురసుందరీ సమేత రామలింగేశ్వరుడి గుడి ఉంది. ఊరి కళాకారులు ఏ ఆట మొదలుపెట్టినా ముందు ఆ అమ్మవారినే తలుచుకుంటారు.

సిద్ధేంద్రుడి కాలం గురించి పండితులు 14వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం దాకా వాదించుకున్నారు. ఎక్కువమంది 17వ శతాబ్దానికే మొగ్గుతారు. కృష్ణలీలా తరంగిణి రచించిన నారాయణ తీర్థులు ఆయన గురువని సంప్రదాయం చెబుతుంది. జీవితకథ మాత్రం ఊరివాళ్ల నోట ఇలా సాగుతుంది. చిన్నప్పుడు సిద్ధప్ప అని పిలిచే సిద్ధేంద్రుడు తల్లిదండ్రులు లేని పిల్లవాడు. శ్రీకాకుళంలో పెరిగాడు. చిన్నతనంలోనే పెళ్లయింది. చదువు ముగించుకుని భార్య దగ్గరకు బయల్దేరి కృష్ణ దాటుతుండగా నది పొంగింది. ప్రాణం మీదికి వచ్చింది. బతికి ఒడ్డెక్కితే సన్యాసం పుచ్చుకుంటానని నీళ్లలోనే మొక్కుకున్నాడు. బతికాడు, మాట నిలబెట్టుకున్నాడు. ఆ తర్వాత కృష్ణుడే భర్త, తాను సత్యభామ అన్న భావంతో కలాపం కట్టాడు.

ఇందులో ఎంత చరిత్రో ఎంత కథో తేల్చడం కంటే, ఈ కథ ఏం చేస్తోందో చూడడం మేలు. ఇంటికి, భార్య దగ్గరకు పోతున్న మగవాణ్ణి నది నడుమ నిలిపి, అవతలి ఒడ్డుకు చేరేసరికి ఎడబాటుతో వేగే ఇల్లాలిగా మార్చింది ఈ కథ. భామాకలాపం మొత్తం ఆ ఎడబాటు మీదే నిలిచింది. కాబట్టి ఇది కవి జీవితచరిత్ర అయినా కాకపోయినా, కృతిని బాగా ఎరిగినవాళ్లు కవి గురించి చెప్పుకున్న కథ అనడంలో సందేహం అక్కర్లేదు.

కలాపం పూర్తయ్యాక సిద్ధేంద్రుడు దాన్ని ఆడడానికి కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల పిల్లల్ని ఎంచుకున్నాడు. ఈ ఇళ్లలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా కాళ్లకు గజ్జె కట్టి సత్యభామ వేషం వేయాలని వాళ్ల చేత ప్రమాణం చేయించాడు. రాతప్రతి పోవచ్చు, రాజు పోవచ్చు, డబ్బిచ్చే జమీందారు పోవచ్చు. కొడుకు పుట్టినంతకాలం కలాపం మాత్రం మిగులుతుంది. ఒక వాగ్గేయకారుడు తన కృతిని కాపాడుకోవడానికి ఇంతకంటే గట్టి ఏర్పాటు మరొకటి చేసుకున్నట్టు కనబడదు.

ఊరి ఇంటిపేర్లు ఈ ఏర్పాటుకు సాక్ష్యం: వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, మహంకాళి, దర్భా, హరి, ఏలేశ్వరపు, జోస్యుల. గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా బందరు వైపు వచ్చినప్పుడు ఈ భాగవతుల ఆట చూసి మెచ్చి, ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని పరంపరగా చెప్పుకుంటారు. తానీషా ఏలింది 1672 నుంచి 1687 దాకా. అక్కన్న, మాదన్నలు ఆయన మంత్రులు. 1763లో ఊరి ఆస్తిని పంచుకున్నప్పటి పత్రంలోనూ ఈ కుటుంబాల ఇంటిపేర్లు కనిపిస్తాయి. పాటతో పాటు పొలం కూడా ఆ ఇళ్లకే ముడిపడి ఉందన్నమాట. గజ్జె కట్టడం భక్తి, దానికి తోడు బతుకు.

వీళ్ల ఆట ఇంకా పాతదనడానికి ఓ ఆధారం మాచుపల్లి కైఫీయతులో ఉంది. 16వ శతాబ్దం తొలినాళ్ల సంగతి. సిద్ధవటం సీమను ఏలుతున్న సమ్మెట గురవరాజు పన్నుల కోసం జనాన్ని, చివరకు ఆడవాళ్లను కూడా హింసించడం ఒక కూచిపూడి మేళం కళ్లారా చూసింది. విజయనగరం వెళ్లి వీరనరసింహరాయల కొలువులో ఆ దారుణాన్నే ఆటగా కట్టి చూపించింది. రాయలు సేన పంపి గురవరాజును పట్టించి శిక్షించాడు. దేవుడి కథలు తప్ప మరేదీ ఆడరని పేరుపడిన భాగవతులకు, చూసిన అన్యాయాన్ని రాజు ముందు వేషం కట్టి చెప్పే తెగువ ఉందని ఈ కైఫీయతు చెబుతుంది. కూచిపూడి గురించి రాసేవాళ్లు దీన్ని పాతదనానికి రుజువుగా వాడుకుని ఊరుకుంటారు. ఆ తెగువను కూడా గుర్తుంచుకోవాలి.

ఇక కలాపం లోపలికి వద్దాం. కథ చాలా చిన్నది. అందం ఎవరిదన్న మాట దగ్గర కృష్ణుడికీ సత్యకూ పట్టింపు వచ్చి, కృష్ణుడు వెళ్లిపోతాడు. సత్యభామ విరహంతో వేగి, చెలికత్తె మాధవి చేత ఉత్తరం పంపుతుంది. కృష్ణుడు వస్తాడు, వాదం జరుగుతుంది, కలుస్తారు. ఇంత చిన్న కథ రాత్రుల తరబడి సాగేదంటే, ఆ నిడివి కథనం వల్ల వచ్చింది కాదు. సత్యభామ తానెవరో చెప్పుకోవడానికే ఒక ప్రవేశ దరువు. నీ భర్త పేరేమిటని మాధవి అడిగితే, సిగ్గుపడుతూ, చెప్పీచెప్పకుండా తిప్పుతూ పాడడానికి మరో దరువు. పేరు చెప్పని ఆ కాసేపట్లో అభినయం తెలిసిన నటుడు సభను ఎంతసేపయినా పట్టి ఉంచగలడు. ఉత్తరం తీసుకెళ్లాలంటే నాకేమిస్తావని మాధవి బేరం పెడుతుంది. ఒంటిమీద నగలన్నీ ఒకెత్తు, ముక్కెర ఒకెత్తు. దాన్ని అడిగేసరికి సత్యభామ గుండె జారిపోతుంది. అక్కడ జనం నవ్వుతారు, మరుక్షణం ఆమె ముఖం చూసి నవ్వు ఆపేస్తారు.

దరువుల నడుమ కందార్థాలు, సీసార్థాలు, ద్విపదలు, చూర్ణికలు, సంధి వచనాలు ఉంటాయి. పద్యాన్ని రాగయుక్తంగా విడగొట్టి, ఒక్కో ముక్కకూ అర్థం పాడి, ఆ అర్థానికి అభినయం పట్టడం కందార్థం పని. సంస్కృతం తెలిసినవాడికి పద్యం, తెలియనివాడికి ఆ వెంటే వచ్చే తేట తెలుగు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరికీ ఒకే రసం అందేలా కవి చేసిన ఉపాయం ఇది. రాగాల్లో కూడా ఆ తెలివే కనిపిస్తుంది. ఆహిరి, ముఖారి, సౌరాష్ట్రం, ఆనందభైరవి లాంటి రాగాలు జనం చెవిలో అప్పటికే ఉన్నవి. రాగం పేరు తెలియకపోయినా దుఃఖం వచ్చిందని, కోపం వచ్చిందని వాళ్లకు తెలిసిపోతుంది.

అన్నిటికంటే గొప్ప కల్పన మాధవి. సత్యభామతో మాట్లాడేటప్పుడు ఈ పాత్ర మాధవి, చెలికత్తె. కృష్ణుడి దగ్గరకు వెళ్లేసరికి అదే మనిషి మాధవుడు, చెలికాడు. వేషం మారదు, నటుడు మారడు. సాధారణంగా ఈ పాత్ర సూత్రధారుడిదే. ఒక చేత్తో తాళం వేస్తూ, పాట అందుకుంటూ, సత్యభామను ఆటపట్టిస్తూ, ఊరి పెద్దల మీద ఓ చలోక్తి విసురుతూ ఆటంతటినీ నడుపుతాడు. రాసిన మాటలు సగం, అప్పటికప్పుడు పుట్టేవి సగం. సత్యభామ పాత్రధారి దానికి తగ్గ సమాధానం చెప్పి తిరిగి పాటలోకి రావాలి. సిద్ధేంద్రుడు నటులకు ఈ చోటు కావాలనే వదిలిపెట్టాడు. ప్రతి తరం సూత్రధారుడూ అందులో తన మాట చేర్చాడు. ఈ రోజు మన చేతికి వచ్చిన భామాకలాపంలో యోగి చెయ్యి ఎక్కడ ముగిసి భాగవతుల నోరు ఎక్కడ మొదలైందో గీత గీయడం కష్టం. అందుకని యోగి ఘనత తగ్గదు. తర్వాతివాళ్లు రాస్తూ పోయేందుకు వీలుగా రాయడం కూడా కవిత్వంలో ఒక విద్యే.

ఆట రాత్రిపూట. కోతలయ్యాక, తిరునాళ్లకు, కల్యాణాలకు మేళాన్ని పిలిపించేవారు. గుడి ముందు ఖాళీస్థలమే రంగం. వెలుతురు ఆముదపు కాగడాలది. ఉగ్రపాత్ర ప్రవేశించేటప్పుడు కాగడా మీద గుగ్గిలం చల్లితే మంట భగ్గున లేచేది. నగలు తేలిక కర్రతో చెక్కి, రంగు కాగితాలు, అద్దాలు అతికినవి. ఆ మంట వెలుగులో అవే బంగారంలా మెరిసేవి.

భామాకలాపం కూచిపూడి అగ్రహారానిది మాత్రమే కాదన్న సంగతి చాలా వ్యాసాల్లో జారిపోతుంది. గోదావరి జిల్లాల్లో దీన్ని దేవదాసీ సంప్రదాయానికి చెందిన కళావంతులు ఆడేవారు. సత్యభామగా ఆడమనిషే ఆడుతూ, పాడుతూ, సభలో పండితుల ప్రశ్నలకు జవాబు చెప్పేది. నవజనార్దన పారిజాతం పేరుతో తొమ్మిది రాత్రుల ఆట వాళ్లది. ఉత్తరాంధ్రలో తూర్పు భాగవతులది మరో బాణీ. మద్దెల జోరు ఎక్కువ, పాట గట్టిది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీల అంకితాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. సంస్కరణ అవసరమే. అయితే ఆచారంతో పాటు ఆ స్త్రీల ఆటను కూడా జనం నీచంగా చూడడం అప్పటికే మొదలైంది. గుళ్లు, సభలు వాళ్లకు మూతపడ్డాయి. ఆ తర్వాత పదిహేనేళ్లలోపే కూచిపూడి మగవాళ్ల కలాపానికి ఢిల్లీలో గౌరవం దక్కింది. ఒకే సత్యభామను రెండు రకాల మనుషులు మోశారు. దేశం ఒకరికి దండ వేసి, ఇంకొకరికి తలుపు వేసింది. కూచిపూడిని ప్రేమించేవాళ్లు ఈ మాట చెప్పుకోకపోతే చరిత్ర సగమే చెప్పినట్టు.

కావేరి ఒడ్డున కూడా ఈ వంశానికి ఒక కొమ్మ ఉంది. తంజావూరు నాయక రాజు అచ్యుతప్ప తెలుగు బ్రాహ్మణ కుటుంబాలకు అగ్రహారం ఇచ్చి నిలిపిన ఊరు మేలట్టూరు. అక్కడ వెంకటరామశాస్త్రి అనే వాగ్గేయకారుడు భాగవతమేళ నాటకాలు తెలుగులో రాసి, సంగీతం కూర్చాడు. చుట్టూ తమిళం. అయినా నృసింహ జయంతికి ఆ ఊరి మగవాళ్లు ఆడవేషాలు కట్టి ఇవాళ్టికీ తెలుగులోనే ఆడతారు. ఆ సీమలోనే త్యాగయ్య నౌకా చరిత్రం, ప్రహ్లాద భక్తి విజయం రాశాడు. కీర్తనల త్యాగయ్యను ఎరిగిన తెలుగువాళ్లలో నాటకకర్త త్యాగయ్యను ఎరిగినవాళ్లు కొద్దిమందే.

కృష్ణాతీరంలో 19వ శతాబ్దం గట్టి మార్పులు తెచ్చింది. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారాయి, వరి పండింది, పల్లెల్లో మేళాన్ని పిలిచే స్తోమత పెరిగింది. కూచిపూడిలో భాగవతుల రామయ్య గొల్లకలాపం రాశాడు. గొల్లభామ ఒక బ్రాహ్మణుణ్ణి నిలబెట్టి వేదాంతం, పిండోత్పత్తి, కులం, కర్మ మీద ప్రశ్నలు వేసి గుక్క తిప్పుకోనివ్వని వాదనాటకం అది. అగ్రహారం నుంచి అలాంటి ఆట రావడం తలచుకుంటే అబ్బురంగా ఉంటుంది. ఇంతలో 1880ల నుంచి ధార్వాడ నాటక సమాజం బాటలో కోస్తా అంతటా రంగస్థల నాటకాలు వెల్లువెత్తాయి. రంగుల తెరలు, హార్మోనియం, పద్యాల మీద వన్స్‌మోర్లు. బందరు, ఏలూరు, బెజవాడ జనం అటు పరుగెత్తారు.

ఈ పోటీలో ఊరిని నిలబెట్టినవాళ్లలో చింతా వెంకట్రామయ్య పేరు ముందు చెప్పాలి. ఆయన వెంకటరామ నాట్యమండలిని కట్టి, ఒకరిద్దరి కలాపాల స్థానంలో ఎక్కువ పాత్రలున్న యక్షగానాలు నడిపించాడు. ప్రహ్లాద, ఉషాపరిణయం, శశిరేఖా పరిణయం లాంటివి ఊరూరా తిరిగాయి. కలాపంలో ఒక మనసును తవ్వుతూ కూర్చోవచ్చు. యక్షగానంలో కథ పరుగెత్తాలి. జనం కోరింది పరుగే. ఊరు బతికింది. కలాపం మాత్రం అప్పటి నుంచే కుదించుకుపోవడం మొదలైంది.

మరో తలుపు తెరిచినవాడు వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి. ఆయన అభినయం మహా నేర్పరిది. అగ్రహారం కట్టుబాటును దాటి ఆడవాళ్లకు నాట్యం నేర్పాడు. మేళం లేకుండా ఒక్కరే నిలబడి ఆడేలా అంశాల్ని విడగొట్టాడు. ఊళ్లో అది చాలామందికి నచ్చలేదు. కానీ ఈ రోజు ప్రపంచమంతటా కూచిపూడి పేరుతో ఒంటరిగా వేదికనెక్కుతున్న ప్రతి అమ్మాయీ ఆయన తీసిన దారిలోనే నడుస్తోంది. ఆ ఊరివాడే వేదాంతం రాఘవయ్య. ఆడవేషాలతో పేరు తెచ్చుకుని మద్రాసు సినిమాకు వెళ్లి, 1953లో దేవదాసుకు దర్శకుడయ్యాడు. వెంపటి పెదసత్యం, పసుమర్తి కృష్ణమూర్తి సినిమా నృత్యాలు కూర్చారు. తెలుగు సినిమా తొలిరోజుల నాట్యాల్లో ఈ ఊరి అడుగు ఎంత ఉందో సినిమా చరిత్రకారులు ఇంకా పూర్తిగా లెక్కగట్టలేదు.

1958లో సంగీత నాటక అకాడమీ ఢిల్లీలో జరిపిన నృత్య సదస్సులో కూచిపూడి శాస్త్రీయమా కాదా అన్న వాదం లేచింది. విస్సా అప్పారావు ప్రసంగించాడు. ఆ సదస్సు ఫలితం ఆంధ్రులకు రుచించలేదు. మరుసటి ఏడు హైదరాబాదులో ప్రత్యేకంగా కూచిపూడి మీదే సదస్సు పెట్టారు. ఈ పోరాటానికి వెన్నుగా నిలిచినవాడు బందా కనకలింగేశ్వరరావు. ఏలూరులో వకీలు, రంగస్థలం మీద పేరున్న కృష్ణుడు. వృత్తి, వేషం రెండూ పక్కన పెట్టి కూచిపూడి కోసం తిరిగాడు. ఊళ్లో సిద్ధేంద్ర కళాక్షేత్రం నిలవడంలో ఆయన శ్రమ పెద్దది. తర్వాతి కాలంలో అదే తెలుగు విశ్వవిద్యాలయం చేతిలోకి వెళ్లి సిద్ధేంద్ర యోగి కళాపీఠంగా నడుస్తోంది.

సదస్సుల్లో వాదించడం ఒకటి, రంగం మీద ఒప్పించడం ఒకటి. ఆ రెండోది వేదాంతం సత్యనారాయణ శర్మ చేశాడు. 1935లో పుట్టిన ఆయన ఉషాపరిణయంలో ఉషగా వెలుగులోకి వచ్చాడు. తర్వాత సత్యభామ అంటే ఆయనే. తెర మీద జడ వేసి, నడక మొదలుపెట్టాక ఎదురుగా ఉన్నది పురుషుడని జనం మరచిపోయేవారు. ఆయన సత్యభామకు పొగరు ఉంది, ఆ పొగరు వెనక భయం ఉంది. భర్త పేరు చెప్పే చోట ఆయన పట్టే సిగ్గు, కనురెప్పల కదలికతో మొదలై భుజాల దాకా పాకేది. 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1970లో పద్మశ్రీ వచ్చాయి. యోగి పెట్టిన ఒట్టును ఊరివాళ్లు ఒకసారి తీర్చుకునేవారు. ఆయన జీవితమంతా తీర్చాడు.

వెంపటి చినసత్యం అదే ఊళ్లో 1929లో పుట్టి, మద్రాసు చేరి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాడు. సిద్ధేంద్రుడు ఒక్కడే చేసిన పని ఇక్కడ ముగ్గురి మధ్య పంపకమైంది. మాటలు ఎస్.వి. భుజంగరాయ శర్మవి, కావలిలో తెలుగు బోధించిన కవి ఆయన. సంగీతం పట్రాయని సంగీతరావుది, ఘంటసాలకు విద్య చెప్పిన పట్రాయని సీతారామశాస్త్రి కుమారుడు. నాట్యం చినసత్యానిది. శ్రీకృష్ణ పారిజాతం, క్షీరసాగర మథనం, విప్రనారాయణ, చండాలిక, హరవిలాసం, ఇలా ఒకదాని వెనక ఒకటి. రాత్రులు గంటలయ్యాయి. సూత్రధారుడి ఊరి ముచ్చట్లు తగ్గాయి, కొలత వచ్చింది, శుభ్రత వచ్చింది. నట్టువాంగం, గాత్రం పక్కకు జరిగి, వేషం కట్టినవాళ్లు ఆట మీదే మనసు పెట్టే వీలు కలిగింది. ముగ్గురు మనుషులు ఒకే మనిషిలా పనిచేస్తేనే అలాంటి కూర్పు కుదురుతుంది. వాళ్ల నృత్యనాటకాలు చూసినవాళ్లకు అతుకు ఎక్కడా కనబడలేదు. ఈ ముగ్గురి కృషిలో చినసత్యం పేరు తెలిసినంతగా మిగతా ఇద్దరి పేర్లు తెలియకపోవడం న్యాయం కాదు.

అదే కాలంలో విజయవాడలో, ఒక్కడే రాసి ఒక్కడే స్వరపరచే పాత పద్ధతి మరో చోట బతికింది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు రేడియోకు సంగీత రూపకాలు రాశాడు, వాటికి తానే బాణీలు కట్టాడు. గుడి ముందు కూర్చోవలసిన జనం ఇంట్లో రేడియో ముందు కూర్చున్నారు. చూడ్డానికి వేషం లేదు, అడుగు లేదు. పాత్ర, కాలం, చోటు అన్నీ గొంతుతో, రాగంతో పుట్టించాలి. ఆయనే రాసిన ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకుంది. మాటనూ పాటనూ ఒకే మనిషి కట్టిన తెలుగువాళ్ల వంశవృక్షం మొత్తం ఆ పుస్తకంలో దొరుకుతుంది. అలాంటి పుస్తకం రాయడానికి అలాంటి పనివాడే దొరకడం మన అదృష్టం.

చినసత్యం శిక్షణలో సత్యభామ చివరకు స్త్రీల చేతికి వచ్చింది. శోభానాయుడు ఆ పాత్రతో దేశదేశాలు తిరిగింది. ఒకనాడు కళావంతుల దగ్గర ఉన్నదే ఇప్పుడు అన్ని ఇళ్ల ఆడపిల్లలకూ అందింది. 1980ల్లో జంధ్యాల తీసిన ఆనందభైరవిలో గిరీష్ కర్నాడ్ వేసిన కూచిపూడి గురువు, ఆడపిల్లకు విద్య చెప్పినందుకు ఊరితో తలపడతాడు. ఆ గొడవ సినిమా కోసం గాలిలోంచి పుట్టించింది కాదు. 2012లో చినసత్యం జూలైలోనూ, సత్యనారాయణ శర్మ నవంబరులోనూ వెళ్లిపోయారు. తానే సత్యభామ అయినవాడు, వందల సత్యభామల్ని తయారుచేసినవాడు ఒకే ఏట పోయారు.

2016 డిసెంబరులో విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో 6,117 మంది ఒక్కసారిగా కూచిపూడి ఆడి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర ఆ సభ జరిపింది. సముద్రాలు దాటిన ఊళ్లలో పుట్టిన పిల్లలు కూడా వచ్చి ఆడారు. సంతోషించవలసిన సంగతే. అయితే అంతమందిలో భామాకలాపాన్ని మొదటి నుంచి మంగళం దాకా ఆడగలవాళ్లు కొద్దిమందే. ప్రవేశ దరువు అందరికీ వచ్చు, అది అరంగేట్రాల్లో ఉంటుంది. మాధవితో వాదం, ముక్కెర బేరం, కందార్థాల వరస, సంధి వచనాలు వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాలి. సూత్రధారులు ఇంకా తక్కువ. తాళం వేస్తూ, పాడుతూ, అప్పటికప్పుడు మాట పుట్టిస్తూ మాధవిగా, మాధవుడిగా నిలబడే విద్య తరగతి గదిలో ఏడాది చదువుతో రాదు, మేళంతో తిరిగితేనే వస్తుంది.

కూచిపూడిలో ఏటా యోగి పేరిట ఉత్సవాలు జరుగుతాయి. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలిచ్చి సాయంత్రం ముగించే బదులు, అందులో ఒక రాత్రిని భామాకలాపానికే వదిలిపెట్టవచ్చు. ఊరి మగపిల్లలు, బయటి నుంచి నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలు, వీలైతే గోదావరి బాణీ తెలిసిన కళావంతుల ఇంటివాళ్లు ఒకే వేదిక మీద వంతులవారీగా ఆడవచ్చు. కళాపీఠం ఆ రాత్రిని ధ్వనితో సహా రికార్డు చేసి, సూత్రధారి మాటల్ని రాయించి, పాఠంగా పెట్టవచ్చు. ఆ మాటలు నోటికి వచ్చిన పెద్దవాళ్లు ఊళ్లో ఉండగానే ఈ పని జరగాలి.